తెలుగు ప్రచురణకర్తలకు: మన ఒకటో నంబరు ఎప్పుడు?

తెలుగు ప్రచురణకర్తలకు నమస్కారం.

పుస్తక ప్రదర్శనల్లో మీ స్టాళ్ల దగ్గర నిలబడి మాట్లాడినప్పుడల్లా మీరు చెప్పే కష్టాలు నాకు కొత్త కావు. కాగితం ధర, అచ్చు ఖర్చు, దుకాణదారుల కమిషన్, ఎప్పటికో గాని వసూలు కాని బకాయిలు. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. వాటి మీద మీతో తగాదా పెట్టుకోవడానికి ఈ లేఖ రాయడం లేదు. 1867 నుంచి ఒకే పుస్తకాల వరుసను నడుపుకొస్తున్న రెక్లాం అనే జర్మన్ ప్రచురణ సంస్థ గురించి మీతో మాట్లాడాలి. మన సాహిత్య సభల్లో ఆ పేరు ఎప్పుడైనా వస్తే, 'జర్మనీలో పుస్తకాలు భలే చౌకగా వేసేవారట' అనే ఒక్క ముక్కతో ముగిసిపోతుంది. ఆ ముక్క నిజమే గాని, దాన్నే పట్టుకుని కూర్చుంటే అసలు సంగతి చేజారుతుంది. చౌకగా వేసినవాళ్లు ఆ రోజుల్లో ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లలో చాలామంది పేర్లు ఇవాళ పరిశోధకులకు తప్ప ఎవరికీ తెలియవు. రెక్లాం మాత్రం నిలిచింది. ఎలా నిలిచిందో కాస్త ఓపికగా వినండి. విన్నాక మిమ్మల్ని ఒకటి అడుగుతాను.

ఆంటోన్ ఫిలిప్ రెక్లాం 1807లో లైప్‌జిగ్ నగరంలో పుట్టాడు. తండ్రి పుస్తక వ్యాపారి. లైప్‌జిగ్ అంటే అప్పట్లో జర్మన్ పుస్తక వ్యాపారానికి గుండెకాయ. 1828లో, ఇరవై ఒక్క ఏళ్లు నిండీ నిండకుండానే, తండ్రి దగ్గర మూడు వేల థాలర్లు అప్పు తీసుకుని, 'సాహిత్య మ్యూజియం' అనే పేరుతో ఉన్న ఒక అద్దె గ్రంథాలయాన్ని కొన్నాడు. పత్రికలు చదువుకునే గది, పుస్తకాలు అద్దెకిచ్చే ఏర్పాటు, వాటి చుట్టూ రాజకీయాలు మాట్లాడుకునే జనం. ఏ పుస్తకం ఎంతమంది చేతులు మారుతుందో, ఏది అల్మరాలోంచి కదలదో అక్కడ కూర్చుని చూసినవాడు అతను. పాఠకుల నాడి పట్టుకోవడానికి అంతకంటే మంచి బడి ఉంటుందనుకోను. అదే ఏడాది అక్టోబరు 1న సొంత ప్రచురణ మొదలుపెట్టాడు. 1837లో ఆ గ్రంథాలయాన్ని అమ్మేసి, తన పేరుతోనే సంస్థను కొనసాగించాడు. 1839లో ఒక ముద్రణాలయం కొన్నాడు.

ఆ తొలి రోజుల్లో అతను బుద్ధిమంతుడైన వ్యాపారి ఏమీ కాదు. ఆస్ట్రియాలో ఛాన్సలర్ మెటర్నిక్ పాలన సాగుతున్న కాలంలో, ఆ పాలన మీద విరుచుకుపడే పుస్తకాలు వేశాడు. 1846లో ఆస్ట్రియా అతని పుస్తకాలకు తలుపులు మూసేసింది. మతాన్ని తర్కంతో ప్రశ్నించిన థామస్ పెయిన్ గ్రంథానికి జర్మన్ అనువాదం వేసినందుకు కోర్టు మెట్లు కూడా ఎక్కాడు. మరోవైపు పొట్టకూటికి బైబిళ్లు, నిఘంటువులు, బడిపిల్లలకు గ్రీకు, లాటిన్ పాఠాలు. 1858లో షేక్స్‌పియర్ నాటకాలను పన్నెండు సంపుటాలుగా, మధ్యతరగతి చేతికి అందే వెలకు ఇచ్చాడు. అది బాగా పోయింది. 1865లో అవే నాటకాలను విడివిడిగా, ఒక్కో నాటకం రెండు వెండి గ్రోషెన్లకు అమ్మి చూశాడు. పన్నెండు సంపుటాలు కొనలేనివాడు ఒక్క నాటకం కొంటాడు, అది నచ్చితే ఇంకొకటి కొంటాడు. రెండేళ్ల తర్వాత రాబోయే పెద్ద పనికి ఇది కసరత్తు.

ఆ పెద్ద పనికి కారణం ఒక చట్టం. జర్మన్ రాజ్యాల సమాఖ్య 1856లో ఒక తీర్మానం చేసింది. 1837 నవంబరు 9కి ముందు చనిపోయిన రచయితల రచనల మీద హక్కులు 1867 నవంబరు 9తో ముగుస్తాయని దాని సారం. అప్పటిదాకా జర్మన్ మహాకవులు గెథే, షిల్లర్ రచనలు స్టట్‌గార్ట్‌లోని కోట్టా సంస్థ గుప్పిట్లో ఉండేవి. లెస్సింగ్, హెర్డర్, క్లైస్ట్, జాన్ పాల్ తదితరుల మాట కూడా అంతే, ఎవరి హక్కులు వారివి. ఒక్క రోజుతో ఆ గోడలన్నీ కూలిపోయాయి. జర్మన్లు ఆ ఏడాదిని ఇప్పటికీ 'క్లాసిక్కుల సంవత్సరం' అనే పిలుస్తారు. తేదీ పదకొండేళ్ల ముందే తెలుసు కాబట్టి ప్రచురణకర్తలందరూ కాచుకుని కూర్చున్నారు. నవంబరు వచ్చేసరికి బజారు గెథేలతో, షిల్లర్లతో నిండిపోయింది.

ఇక్కడే నేను మిమ్మల్ని ఆగి చూడమంటున్నాను. అందరి చేతిలో ఉన్నది అదే పాఠం. అందరికీ అదే స్వేచ్ఛ. బెర్లిన్‌లో గుస్తావ్ హెంపెల్ అనే ప్రచురణకర్త కూడా దాదాపు అదే ధరకు జర్మన్ క్లాసిక్కులన్నిటినీ ఒక వరుసగా తెచ్చాడు. అయితే ఆయన పద్ధతి చందా పద్ధతి: భాగాలు భాగాలుగా వస్తుంటాయి, మీరు తీసుకుంటూ పోవాలి. సంపాదకత్వం మాటకొస్తే ఆయన పుస్తకాలు రెక్లాం వాటికంటే పండితులు మెచ్చినవి. రెక్లాం మాత్రం ప్రతి పుస్తకానికీ ఒక నంబరు ఇచ్చి, ఏ నంబరైనా విడిగా కొనుక్కోవచ్చు అన్నాడు. ఒకటో నంబరు గెథే 'ఫౌస్ట్' మొదటి భాగం. రెండోది అదే నాటకం రెండో భాగం. మూడోది లెస్సింగ్ 'నాథన్'. అయిదోది షేక్స్‌పియర్ 'రోమియో అండ్ జూలియట్'. పన్నెండోది షిల్లర్ 'విలియం టెల్'. ధర నంబరుకు రెండు గ్రోషెన్లు. గ్రంథం పెద్దదైతే రెండు మూడు నంబర్లు కలిపి ఒకే పుస్తకంగా కుట్టేవారు, దాని ధర అన్ని రెట్లు ఉండేది. అంతే లెక్క. దుకాణంలో కుర్రవాడు కూడా నోటిలెక్కతో ధర చెప్పేస్తాడు.

ఆ ధర ఎంతకాలం అలాగే ఉందో తెలుసా? నాణేల పేర్లు మారాయి, గ్రోషెన్లు పోయి ఫెనిగ్‌లు వచ్చాయి, సామ్రాజ్యం ఏర్పడింది, ప్రపంచ యుద్ధం మొదలైంది. రెక్లాం నంబరు మాత్రం 1917 దాకా ఇరవై ఫెనిగ్‌ల దగ్గరే, అంటే పాత రెండు గ్రోషెన్ల దగ్గరే ఉంది. యాభై ఏళ్లు. తాత కొన్న ధరకే మనవడూ కొన్నాడు.

ఇది దానధర్మం వల్ల జరిగింది కాదు. దీని వెనక ఒక సాంకేతిక కిటుకు ఉంది. అక్షరాలు కూర్చిన పేజీ మీద అచ్చు తీసి, ఆ అచ్చులో లోహం పోసి, పేజీ పేజీకీ ఒక పలక తయారు చేసుకునేవారు. పలక చేతికొచ్చాక కూర్చిన అక్షరాలను విడదీసి వేరే పనికి వాడుకోవచ్చు. పలకలను గోదాములో భద్రం చేసి, ప్రతులు అయిపోవచ్చినప్పుడు తీసి మళ్లీ కొన్ని వేసుకోవచ్చు. మళ్లీ కూర్పు ఖర్చు లేదు, తప్పులు దిద్దే పని లేదు, ఒకేసారి వేలకు వేలు అచ్చు వేసి గోడౌన్లో చెదలకు అప్పగించే అవసరమూ లేదు. నెమ్మదిగా పోయే పుస్తకం కూడా జాబితాలో బతికి ఉండటానికి కారణం ఇదే. మీ కంప్యూటర్లలో ఉన్న పేజీల ఫైళ్లు ఆ లోహపు పలకలే. కావలసినన్ని ప్రతులే వేసుకునే యంత్రాలు ఇప్పుడు హైదరాబాదులో, విజయవాడలో ఉన్నాయి. అయినా 'ప్రతులు లేవండీ, మళ్లీ వేసినప్పుడు చూద్దాం' అనే మాట ఎందుకు వినవలసి వస్తోంది?

ఆ జాబితాను మరీ ఆకాశానికెత్తకూడదు. క్లాసిక్కుల మధ్య నాటకశాలల్లో నాలుగు రోజులు ఆడి మరుగున పడిన హాస్య నాటికలు, ఒపేరాకు వెళ్లేవాళ్లు జేబులో పెట్టుకునే పాటల పుస్తకాలు, చట్టాల ప్రతులు కూడా దండిగా ఉండేవి. కొన్ని అనువాదాలు తొందరపాటు పనులు. కాలక్రమంలో వందలాది శీర్షికలు జాబితాలోంచి జారిపోయాయి కూడా. నాకైతే ఆ కలగాపులగం లోపంగా అనిపించదు. పాటల పుస్తకం కోసం వచ్చినవాడి కంట వెనక పేజీలోని జాబితా పడుతుంది. అందులో ప్లేటో ఉంటాడు, టాల్‌స్టాయ్ ఉంటాడు. మన కాళిదాసు కూడా ఉన్నాడు. పందొమ్మిదో శతాబ్దం చివరి దశకంలో అతని 'శాకుంతలం', శూద్రకుడి 'మృచ్ఛకటికం' ఆ చిన్న పుస్తకాలుగానే జర్మన్ పాఠకుడి జేబులోకి చేరాయి. ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఆ వరుసలో ఒకటో నంబరైన 'ఫౌస్ట్' మొదట్లో నాటకశాల యజమాని, కవి, విదూషకుడు మాట్లాడుకునే ఒక ప్రస్తావన ఉంది. గెథే 1791లో గియోర్గ్ ఫోర్స్టర్ చేసిన జర్మన్ శాకుంతలం చదివి పరవశించిపోయాడు. ఆ నాటకంలో సూత్రధారుడు, నటి కలిసి నడిపే ప్రస్తావనే దీనికి ప్రేరణ అని సాహిత్య చరిత్రకారులు చాలామంది చెబుతారు.

హక్కుల విషయంలో రెక్లాం చరిత్రకు రెండో ముఖం కూడా ఉంది. దాన్ని దాచి మీకు మంచి మాటలు మాత్రమే చెబితే అది మోసం. గడువు తీరిన రచనలు తీసుకోవడం న్యాయమే. బతికి ఉన్న విదేశీ రచయితల సంగతి ఏమిటి? నార్వే నాటకకర్త ఇబ్సెన్ 1879లో 'బొమ్మరిల్లు' నాటకం రాశాడు. అప్పటికి జర్మనీకీ స్కాండినేవియా దేశాలకూ మధ్య గ్రంథహక్కుల ఒప్పందం లేదు. ఎవరైనా అనువదించుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు, రచయితకు పైసా ఇవ్వనక్కరలేదు. విల్‌హెల్మ్ లాంగె చేసిన అనువాదం రెక్లాం వరుసలో చవకగా వెలువడి జర్మనీ అంతా పాకింది. చివర్లో కథానాయిక నోరా ఇల్లు విడిచి, పిల్లల్ని వదిలి వెళ్లిపోవడం తాను నటించనని ఒక ప్రసిద్ధ నటి మొండికేసింది. ఎవడో ఒకడు ముగింపును ఖూనీ చేస్తాడన్న భయంతో, ఇబ్సెన్ తానే ఒక ప్రత్యామ్నాయ ముగింపు రాసి లాంగెకు పంపవలసి వచ్చింది. అందులో నోరా పిల్లల గది గుమ్మం దగ్గర కూలబడిపోతుంది, వెళ్లలేకపోతుంది. తన చేత్తో తానే తన నాటకానికి చేసుకున్న ఆ గాయాన్ని ఇబ్సెన్ తర్వాత ఎంతో అసహ్యించుకున్నాడు. చౌక పుస్తకం వల్ల అతని పేరు ఊరూరా తెలిసింది, నిజమే. దానికి అతను చెల్లించినది కూడా మనం చూడాలి. అందుకే ఈ లేఖలో నేను అడగబోయేదంతా గడువు తీరిన రచనల గురించే. సజీవ రచయితకు రాయల్టీ ఎగ్గొట్టడానికి రెక్లాంను సాకుగా ఎవరూ వాడుకోకండి.

ఫిలిప్ రెక్లాం 1896లో కన్నుమూశాడు. కొడుకు హాన్స్ హైన్రిష్, ఆ తర్వాత మనవలు పని అందుకున్నారు. 1908లో అయిదు వేలో నంబరు వచ్చింది. 1912లో వాళ్లు చేసిన పని గురించి చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. రైల్వే స్టేషన్లలో పుస్తకాలు అమ్మే యంత్రాలు పెట్టారు. వాటి రూపకల్పన చేసినవాడు ఆషామాషీ మనిషి కాదు, ఆధునిక వాస్తుశిల్పానికి ఆద్యుల్లో ఒకడైన పీటర్ బెరెన్స్. నిలువెత్తు పెట్టె, ముందు అద్దం, అద్దం వెనక వరుసగా పేర్చిన సన్నని పుస్తకాలు. నాణెం వేసి మీట లాగితే కావలసిన పుస్తకం కింద అరలో పడుతుంది. స్టేషన్లతో ఆగలేదు, ఆసుపత్రుల్లో, సైనిక శిబిరాల్లో, ఓడల్లో కూడా పెట్టారు. 1917 నాటికి అలాంటివి దాదాపు రెండు వేలు ఉండేవి. అన్నీ ఒకే ఆకారం, అన్నీ నంబరు లెక్క ధరలు కాబట్టే ఆ యంత్రం సాధ్యమైంది. ఒక్కో పుస్తకం ఒక్కో కొలతతో, ఒక్కో వెలతో వేస్తే ఏ పెట్టె అమ్ముతుంది? లైప్‌జిగ్‌లో 2018లో తెరిచిన రెక్లాం మ్యూజియంలో అలాంటి యంత్రాన్ని ఇప్పటికీ చూడవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం ఒక పెట్టెలో వంద పుస్తకాలు సర్ది యుద్ధరంగానికి కూడా అమ్మారు. దేశభక్తి, వ్యాపారం చేతులు కలిపిన సందర్భం అది, దాన్ని నేను పొగడను.

ఈ నమూనా జర్మనీ దాటింది. జపాన్‌లో ఇవనామి షిగెవో 1927లో ఇవనామి బుంకో అనే చిన్న పుస్తకాల వరుస ప్రారంభిస్తూ, తాను రెక్లాం నుంచే ఈ ఆలోచన తీసుకున్నానని బాహాటంగా రాశాడు. ధరను కూడా నక్షత్రాల లెక్కన పెట్టాడు. ఒక నక్షత్రం ఉంటే ఇరవై సెన్‌లు, రెండుంటే నలభై. ఆ వరుస ఇప్పటికీ నడుస్తోంది. తమ లిపిలో, తమ సాహిత్యంతో, వాళ్లు దాన్ని తమదిగా చేసుకున్నారు.

ఇక చీకటి రోజులు. 1928లో సంస్థకు నూరేళ్లు నిండిన సందర్భంగా లైప్‌జిగ్‌లో జరిగిన ఉత్సవంలో ప్రధాన ప్రసంగం చేసినది నవలాకారుడు థామస్ మన్. ఆయన కథ 'ట్రిస్టాన్' అప్పటికి ఆ వరుసలో ఒక నంబరు. కొన్నేళ్లు తిరిగేసరికి నాజీలు వచ్చారు. యూదు రచయితలు, ప్రభుత్వానికి గిట్టని రచయితలు జాబితాలోంచి ఒక్కొక్కరే తప్పుకోవలసి వచ్చింది: హైన్రిష్ హైనె, స్టెఫాన్ జ్వైగ్, చివరికి ఆ థామస్ మన్ కూడా. ఉత్సవంలో పూలదండ వేయించుకున్న మనిషి పేరు కేటలాగులో లేకుండా పోయింది. సంస్థ ఎదురు తిరిగిందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, అందుకని చెప్పను. జర్మన్ సంస్థలు కొన్ని యుద్ధం తర్వాత తమ చరిత్రకు పూత పూసుకున్నాయి. బెర్టెల్స్‌మన్ అనే మహాసంస్థ తాను నాజీల చేత మూతపడిన ప్రతిఘటన సంస్థనని దశాబ్దాల పాటు చెప్పుకుంది. చరిత్రకారుడు సాల్ ఫ్రీడ్‌లెండర్ అధ్యక్షతన వేసిన స్వతంత్ర సంఘం 2002లో ఆ మాట కట్టుకథ అని, నిజానికి ఆ సంస్థ జర్మన్ సైన్యానికి దాదాపు కోటీ తొంభై లక్షల పుస్తకాలు అమ్మి లాభపడిందని తేల్చింది. కాబట్టి ప్రచురణ సంస్థలు తమ గురించి తాము రాసుకునే చరిత్రలను కొంచెం అనుమానంగానే చదవాలి. రెక్లాం విషయంలో ఒక విచిత్రం మాత్రం జరిగింది. నాజీలకు వ్యతిరేకంగా రహస్యంగా పనిచేసినవాళ్లు తమ కరపత్రాలను రెక్లాం పుస్తకాల అట్టల్లో పెట్టి పంచేవారు. పైన చూస్తే షిల్లరో ఎవరో, రెండు మూడు పేజీలు తిప్పితే లోపల నిషిద్ధ రచన. జేబులో రెక్లాం ఉన్న మనిషిని పోలీసు అనుమానించడు కదా. అంతగా జనంలో కలిసిపోయింది ఆ పుస్తకం.

1943 డిసెంబరు 4న జరిగిన వైమానిక దాడిలో లైప్‌జిగ్‌లోని ముద్రణాలయాల పేట దాదాపు బూడిదైంది. రెక్లాం నిల్వలు పెద్ద ఎత్తున తగలబడ్డాయి. యుద్ధం ముగిశాక నగరం సోవియట్ల అధీనంలోకి వెళ్లింది, మిగిలిన యంత్రాలు నష్టపరిహారం కింద తరలిపోయాయి. 1947లో స్టట్‌గార్ట్‌లో ఒక శాఖ తెరిచారు. 1950లో ఫిలిప్ మనవడు ఎర్నెస్ట్ రెక్లాం లైప్‌జిగ్ వదిలి పశ్చిమానికి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి నలభై ఏళ్ల పాటు ఒకే పేరుతో రెండు రెక్లాంలు. తూర్పున లైప్‌జిగ్ రెక్లాం, పశ్చిమాన స్టట్‌గార్ట్ రెక్లాం. రెండు దేశాలు, రెండు జాబితాలు. జర్మనీ ఏకమయ్యాక లైప్‌జిగ్ సంస్థ తిరిగి కుటుంబం చేతికొచ్చింది. కాని 2006 మార్చిలో దాన్ని మూసేశారు. పుట్టిన ఊళ్లో ఇప్పుడు ఆ మ్యూజియం తప్ప పని లేదు. స్టట్‌గార్ట్ పక్కన డిట్సింగెన్ అనే చిన్న ఊరి నుంచి సంస్థ నడుస్తోంది.

ఇవాళ్టి పుస్తకం ఎలా ఉంటుందో చెబుతాను. అరచేతి కంటే కొంచెం పొడుగు, చొక్కా జేబులో ఇమిడేంత వెడల్పు. 1970 నుంచి అట్ట నిండు పసుపు రంగు. జర్మన్ భాషలోని పుస్తకాలకు పసుపు, మూలభాషలో ఉన్న విదేశీ రచనలకు ఎరుపు, ఎదురెదురు పేజీల్లో మూలం, అనువాదం ఉంటే నారింజ. అక్షరాలు చిన్నవే గాని చదవలేనంత కాదు. పద్యనాటకమైతే మార్జిన్‌లో అయిదు అయిదు పంక్తులకు ఒక సంఖ్య. అంటే మ్యూనిక్‌లో ఉపాధ్యాయురాలు ఫలానా పంక్తి తీయమంటే, హాంబర్గ్‌లో పిల్లవాడి పుస్తకంలోనూ అదే పంక్తి. వెనక కొన్ని పేజీల వివరణలు: పాత నాణేలు, మరుగున పడిన మాటలు, ఊళ్ల పేర్లు. ఆఖరున ఒక పండితుడి వ్యాసం, అది కూడా క్లుప్తంగా. బడిపిల్లలు ఆ పసుపు అట్టల మీద బొమ్మలు గీసి, శీర్షికలు మార్చి, మీసాలు పెట్టి నానా అల్లరి చేస్తారు. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలను అడగండి, భాష నేర్చుకునే తరగతిలో ఎప్పుడో ఒకప్పుడు ఆ పసుపు పుస్తకం చేతికొచ్చే ఉంటుంది. ఒకటో నంబరు ఇప్పటికీ 'ఫౌస్ట్' మొదటి భాగమే. మూడు 'నాథన్', పన్నెండు 'విలియం టెల్'.

ఇప్పుడు మన మాట.

మనకు ఇది బొత్తిగా తెలియని విద్య కాదు. వావిళ్ల వారు మద్రాసులో పాత గ్రంథాలను అచ్చు వేసి చేసిన పని మీకు నేను చెప్పాలా? 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్ర గ్రంథమాల నడిపారు. నిజాం పాలనలో, తెలుగు చదవడమే కష్టమైన చోట, వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల నడిపి, పుస్తకాలు భుజాన వేసుకుని అమ్మారు. కె.సి. గుప్త అణా గ్రంథమాల పెట్టి, పేరులోనే ధర చెప్పేశారు. ఆ తర్వాత ఎమెస్కో వారి ఇంటింటా గ్రంథాలయం ఎన్ని ఇళ్లలో పుస్తకాల అర నింపిందో మీకూ నాకూ తెలుసు. ఇన్ని వరుసలు మొదలయ్యాయి. కాని ఇవాళ నేను దుకాణానికి వెళ్లి 'ఫలానా వరుసలో ఏడో నంబరు ఇవ్వండి' అని అడిగితే, తీసిచ్చేది ఒక్కటైనా ఉందా? మన వరుసలు వాటిని మొదలుపెట్టిన మనుషులతోనే ఆగిపోయాయి. రెక్లాం వరుస మనిషి పోయినా ఆగలేదు, ఊరు మారినా ఆగలేదు, దేశం రెండు ముక్కలైనా ఆగలేదు.

చట్టం మన వైపే ఉంది. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత అరవై ఏళ్లకు, ఆ సంవత్సరం చివరితో, ఆ రచనలు అందరివీ అవుతాయి. మరణానంతరం తొలిసారి అచ్చయిన వాటి లెక్క వేరు, అది చూసుకోవాలి. గురజాడ, కందుకూరి, చిలకమర్తి ఎప్పుడో అందరివారయ్యారు. సురవరం ప్రతాపరెడ్డి, ఉన్నవ లక్ష్మీనారాయణ కూడా. 1961లో వెళ్లిపోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి రచనలు 2022 నుంచి, 1962లో పోయిన త్రిపురనేని గోపీచంద్ రచనలు 2023 నుంచి స్వేచ్ఛగా ఉన్నాయి. 1965లో కన్నుమూసిన మల్లాది రామకృష్ణశాస్త్రి గడువు 2025తో సరి. 1967లో పోయిన బుచ్చిబాబు 2028లో వస్తారు. జర్మన్ ప్రచురణకర్తలు 1867 నవంబరు 9 కోసం ఏళ్ల తరబడి కాచుకున్నారు. మనకు దాదాపు ప్రతి జనవరి 1 అలాంటి రోజే. ఆ రోజున మీలో ఒక్కరి నుంచైనా ఒక ప్రకటన చూసిన జ్ఞాపకం నాకు లేదు.

మీరు వేయడం లేదని కాదు. సర్వస్వాలు వేస్తున్నారు, సమగ్ర సంపుటాలు వేస్తున్నారు. గట్టి అట్ట, బంగారు అక్షరాలు, ఒడిలో పెట్టుకుంటే కాలు తిమ్మిరెక్కే బరువు. అవీ ఉండాలి. కాని శ్రీపాద కథ ఒక్కటి చదివి చూద్దామనుకున్న డిగ్రీ విద్యార్థి చేత మొత్తం సంపుటం కొనిపించాలనుకోవడం ఏ వ్యాపారం? ఒక స్టాల్లో ఈ ప్రశ్న అడిగితే, 'చిన్న పుస్తకంలో మాకు ఏమీ మిగలదండీ' అన్నారు. ఒక్క పుస్తకంలో మిగలదు, నిజమే. రెక్లాంకూ ఒక్క నంబరులో మిగల్లేదు. వరుసలో మిగిలింది. ఒక నంబరు కొన్నవాడు వెనక పేజీ చూసి ఇంకో నంబరు కొన్నాడు.

నేను అడిగేది ఇది. మీలో ఎవరో ఒకరు, లేదా నలుగురు కలిసి, ఒక వరుస మొదలుపెట్టండి. ఒకే కొలత, నంబరు లెక్కన ఒకే ధర. ఒకటో నంబరు 'కన్యాశుల్కం' అయితే నాకు సంతోషం, కాని అది ఎవరికి దొరికిన ప్రతి వాళ్లు చూసి కొట్టినది కాకూడదు. గురజాడ 1897లో ఒక కన్యాశుల్కం అచ్చు వేశారు, 1909లో దాన్ని దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. మీ పుస్తకంలో ఉన్నది ఏ పాఠమో అట్ట వెనక చెప్పండి. పంక్తులకు సంఖ్యలు వేయండి. గిరీశం విసిరే ఇంగ్లీషు ముక్కలకు, ఆనాటి విజయనగరం వ్యవహారాలకు, కోర్టు భాషకు చివర్లో వివరణలు ఇవ్వండి. పండితుల ముందుమాటలు, మంత్రుల సందేశాలు, ఆశీస్సులు దయచేసి వద్దు. అవి తీసేస్తే కాగితం కూడా కలిసొస్తుంది. అచ్చుతప్పులు చూసే మనిషికి సరైన కూలి ఇవ్వండి. చౌక పుస్తకం అంటే తప్పుల పుస్తకం అనే పేరు మనకు ఊరికే రాలేదు.

రెండు సాహిత్య అకాడమీలు, రెండు ప్రభుత్వాల గ్రంథాలయ శాఖలు దీనికి తోడ్పడితే మంచిదే. వాళ్ల కోసం ఆగవద్దని మాత్రం నా మనవి. రెక్లాం ఏ ప్రభుత్వ గ్రాంటుతోనూ మొదలవలేదు, తండ్రి ఇచ్చిన అప్పుతో మొదలైంది. ప్రభుత్వాలు దాని జోలికి వచ్చినప్పుడల్లా జాబితా చిన్నదైంది గాని పెద్దదవలేదు.

ఒక్క షరతు. నంబరు ఇచ్చిన పుస్తకాన్ని 'ప్రతులు లేవు' అనిపించకండి. ఏడాదికి యాభై ప్రతులే పోనివ్వండి, ఆ యాభై మళ్లీ వేయండి. పది నంబర్లతో ఆగిపోయినా పరవాలేదు, ఆ పదీ పదేళ్ల తర్వాత కూడా దొరకాలి. ఒకటో నంబరు వచ్చిన రోజున దాని ఆఖరి పేజీలో రెండో నంబరు పేరు, అది వచ్చే నెల అచ్చు వేయండి. ముందస్తు చందా కట్టమని మాత్రం అడగవద్దు. దుకాణానికి వచ్చి, డబ్బిచ్చి, ఒక్కో నంబరూ విడిగా కొనుక్కుంటాను.

ఇట్లు
మీ పుస్తకాలు కొనే ఒక పాఠకుడు